విమానం 17 గంటలు, ప్రయాణం 27 గంటలు: బెంగళూరు నుంచి శాన్ ఫ్రాన్సిస్కో దాకా లెక్క మీరే వేసుకోవడం ఎలా

మా అమ్మ మొదటిసారి అమెరికా వెళ్లినప్పుడు శాన్ ఫ్రాన్సిస్కో విమానాశ్రయంలో గంటన్నర సేపు ఒక్కతే కూర్చుంది. తప్పు నాదే. అనంతపురం నుంచి కారులో తీసుకొచ్చి బెంగళూరులో నేనే విమానం ఎక్కించాను. శనివారం మధ్యాహ్నం 2 గంటలకు బయల్దేరే విమానం, మధ్యలో ఎక్కడా ఆగదు, 17 గంటలు. రెండూ కూడేసి అక్కకు ఫోన్ చేసి, "ఆదివారం పొద్దున 7 గంటలకల్లా దిగుతుంది, టైముకి వెళ్లు" అన్నాను. ఆ 7 మన గడియారంలో 7 అన్న ఆలోచనే నాకు రాలేదు. అక్క ఆదివారం పొద్దున్నే లేవడానికి అలారం పెట్టుకుని, శనివారం సాయంత్రం తీరిగ్గా ఇల్లు సర్దుకుంటోంది. అమ్మేమో అక్కడి శనివారం సాయంత్రం ఆరున్నరకే దిగిపోయింది. విమానంలో పక్క సీటులో కూర్చున్న కర్నూలు అమ్మాయి ఫోన్ ఇస్తే అక్కకు చేసి, "ఏమే, ఎక్కడున్నావు?" అని అడిగిందట.

అప్పటి నుంచి బెంగళూరు మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్‌లో ఎవరి అమ్మానాన్నలు విదేశం బయల్దేరినా ఆ లెక్క మా ఇంటికి వస్తుంది. తప్పు చేసినవాడికి నేర్పడం బాగా వస్తుందని మా పక్కింటి ఆయన నమ్మకం. నేను వాళ్లకు చెప్పేదే మీకూ చెబుతున్నాను. ఉదాహరణకు బెంగళూరు నుంచి శాన్ ఫ్రాన్సిస్కో తీసుకుంటున్నా, పద్ధతి మాత్రం ఏ రెండు ఊళ్లకైనా పనికొస్తుంది. కావాల్సినవి పిల్లల గ్లోబు ఒకటి, కుట్టుపని దారం, స్కేలు, ఫోన్‌లో ఉండే కాలిక్యులేటర్, ఒక తెల్లకాగితం.

మొదట దూరం: దారంతో కొలవండి

గోడకు వేలాడే ప్రపంచ పటం మీద మాత్రం కొలవకండి. పసిఫిక్ నడిమధ్యన ఉండే పటంలో బెంగళూరు నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకు స్కేలు పెట్టి గీత గీస్తే అది తూర్పుగా బంగాళాఖాతం, పసిఫిక్ మహాసముద్రం మీదుగా పోతుంది. చూడ్డానికి అదే దగ్గరి దారిలా ఉంటుంది. ఆ గీత వెంట నిజంగా ఎగిరితే దాదాపు 16,100 కిలోమీటర్లు. అసలు దూరం 14,000కు కాస్త తక్కువ. అంటే ఇక్కడి నుంచి ఢిల్లీకి ఉన్న దూరం కంటే ఎక్కువే వృథాగా తిరిగినట్టు. గుండ్రటి భూమిని చదును కాగితం మీదకు సాగదీస్తే ఉత్తరాన ఉన్నదంతా సాగిపోతుంది. 1569లో మెర్కేటర్ గీసిన పటం ఓడ నడిపేవాళ్లకు దిక్కు తప్పకుండా ఉండటానికి గీసింది, దూరం కొలవడానికి కాదు.

గ్లోబు తీసుకోండి. మా అమ్మాయి కోసం అవెన్యూ రోడ్డులో కొన్నది 30 సెంటీమీటర్ల అడ్డుకొలత ఉన్న గ్లోబు. ముందు దారాన్ని భూమధ్యరేఖ మీద ఒక చుట్టు చుట్టి, కలిసిన చోట పెన్నుతో గుర్తు పెట్టి, విప్పి స్కేలు మీద కొలవండి. మాకు 94 సెంటీమీటర్లు వచ్చింది. భూమధ్యరేఖ పొడవు 40,075 కిలోమీటర్లు. దాన్ని 94తో భాగిస్తే ఒక్కో సెంటీమీటరుకు 426 కిలోమీటర్లు. మీ గ్లోబు చిన్నదైనా పెద్దదైనా ఈ మొదటి కొలత దాన్ని సరిచేసేస్తుంది. అందుకే గ్లోబు కింద రాసి ఉండే స్కేలును నేను పట్టించుకోను.

ఇప్పుడు దారం ఒక కొసను బెంగళూరు మీద బొటనవేలితో నొక్కిపట్టండి. రెండో కొసను శాన్ ఫ్రాన్సిస్కో మీద పెట్టి, చూపుడువేలితో మెల్లగా లాగుతూ ఉండండి. వదులుగా ఉన్నంతసేపు దారం ఇటూ అటూ జారుతుంది. బిగిసేకొద్దీ తనంతట తానే పైకి, ఉత్తరానికి పాకుతుంది. పూర్తిగా బిగిశాక ఇక కదలదు. అదే అన్నిటికన్నా దగ్గరి దారి. మొదటిసారి చూసినప్పుడు నాకు కాస్త ఒళ్లు జలదరించింది. దారం పసిఫిక్ మీదుగా పోలేదు. నేపాల్, టిబెట్ దాటి, మంగోలియా పడమటి భాగం దాటి, సైబీరియా మీదుగా ఆర్కిటిక్ సముద్రం అంచుకు పోయి, అలాస్కా మీదుగా కిందికి దిగింది. అంతకంటే విచిత్రం దాని మొదలు. లెక్క వేసి చూస్తే ఆ గీత బెంగళూరు దాటగానే మన కదిరికి దగ్గరగా, ఆ తర్వాత నల్గొండ పక్కగా పోతుంది. అమెరికాకు దగ్గరి దారి నల్గొండ మీదుగా అంటే మా మామయ్య ఇప్పటికీ నమ్మడు.

దారం పొడవు 33 సెంటీమీటర్లు. 426తో గుణిస్తే 14,058. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా ఈ రెండు నగరాల మధ్య ఆగకుండా పోయే సర్వీసు మొదలుపెట్టినప్పుడు చెప్పిన దూరం 13,993 కిలోమీటర్లు. కుట్టుపని దారంతో వచ్చిన తేడా ఇంతే, ఇక్కడి నుంచి కోలారు వెళ్లేంత కూడా లేదు.

దారం నచ్చనివాళ్లకు, ఇంజినీరింగ్ చదివిన చేతులు ఊరుకోనివాళ్లకు కాలిక్యులేటర్ దారి ఉంది. బెంగళూరు విమానాశ్రయం అక్షాంశం ఉత్తరం 13.2, రేఖాంశం తూర్పు 77.7. శాన్ ఫ్రాన్సిస్కోది ఉత్తరం 37.6, పడమర 122.4. ఒకటి తూర్పు, ఒకటి పడమర కాబట్టి రేఖాంశాలు రెండూ కూడితే 200.1. ఇది 180 దాటింది కాబట్టి 360 లోంచి తీసేయండి, 159.9. ఇక రెండు అక్షాంశాల సైన్‌లు గుణించండి: 0.228 × 0.610 = 0.139. రెండు అక్షాంశాల కాస్‌లు, 159.9 కాస్, మూడూ గుణించండి: 0.974 × 0.792 × −0.939 = −0.724. రెండూ కలిపితే −0.585. దీనికి కాస్ విలోమం నొక్కితే 125.8 డిగ్రీలు. ఒక్కో డిగ్రీకి 111.2 కిలోమీటర్లు చొప్పున 13,989. కాలిక్యులేటర్ డిగ్రీల్లో ఉందో లేదో ముందే చూసుకోండి, లేకపోతే శాన్ ఫ్రాన్సిస్కో ఎక్కడికో పోతుంది.

ఫోన్‌లో గూగుల్ మ్యాప్స్‌లో ఒక చోట వేలు నొక్కిపట్టి దూరం కొలిచే సదుపాయంతో కూడా ఇదే అంకె తెచ్చుకోవచ్చు. కానీ అందులో దారం పైకి పాకడం కనిపించదు.

దూరాన్ని గంటల్లోకి మార్చండి

పెద్ద విమానం పైన గంటకు 900 కిలోమీటర్ల వేగంతో పోతుంది. అందుకని 14,000ను 900తో భాగించి పదిహేనున్నర గంటలు అనుకుంటే తప్పు. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు ఆ వేగం ఉండదు. దారి కూడా దారంలా ఉండదు, వంకరలు పోతుంది. టికెట్ మీద రాసే సమయం గేటు వదిలినప్పటి నుంచి అవతలి గేటు చేరేదాకా. రన్‌వే దాకా పాకడం, వరసలో నిలబడటం, దిగాక మళ్లీ గేటు దాకా పాకడం అన్నీ అందులోనివే.

నా అడ్డలెక్క ఇది: దూరాన్ని 850తో భాగించి, అరగంట కలపండి.

13,990ను 850తో భాగిస్తే పదహారున్నర, అరగంట కలిపితే 17. సరిగ్గా కూర్చుంది. లండన్‌కు దూరం సుమారు 8,040 కిలోమీటర్లు, లెక్క ప్రకారం 10 గంటలు. దుబాయ్‌కి 2,700, అంటే మూడు గంటల నలభై నిమిషాలు, టికెట్‌లో కాస్త ఎక్కువే ఉంటుంది. దగ్గరి ఊళ్లకు ఈ అరగంటదే పెత్తనం. చెన్నైకి గాల్లో దూరం 270 కిలోమీటర్లే, లెక్కన 50 నిమిషాలు. విమానం పైకి పోయి మంచినీళ్లు ఇచ్చేలోపే కిందికి దిగమంటారు. ఎయిర్‌పోర్టు వెళ్లడం, ముందుగా చేరడం కలుపుకుంటే చెన్నైకి రైలే నయమని నా అభిప్రాయం. అది వేరే గొడవ.

గాలి ఎటు వీస్తోంది, ఆకాశం ఎక్కడ మూసి ఉంది

పోవడానికి, రావడానికి ఒకే సమయం పట్టదు. ఉత్తరార్ధగోళంలో పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు ఒక గాలి నదిలా వీస్తుంటుంది. జెట్ స్ట్రీమ్ అంటారు. గంటకు 150, 200 కిలోమీటర్లు మామూలే, చలికాలంలో ఇంకా ఎక్కువ. తూర్పుకు పోయే విమానం దాన్ని వెన్నుకు తగిలించుకుంటుంది. పడమటికి వచ్చేది దాన్ని తప్పించుకుంటూ వస్తుంది. సింగపూర్ నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకు పోవడం కంటే అక్కడి నుంచి సింగపూర్‌కు రావడానికి గంట, గంటన్నర ఎక్కువ పట్టేది ఇందుకే. కాబట్టి లెక్కలో తూర్పుకైతే ఒక అరగంట తగ్గినా ఆశ్చర్యపోకండి, పడమటికైతే అరగంట నుంచి గంట కలుపుకోండి.

దారం చూపిన దారిలో విమానం అచ్చంగా పోదని కూడా గుర్తుపెట్టుకోండి. మన దారం టిబెట్ మీదుగా పోయింది. విమానాలు మామూలుగా టిబెట్‌ను తప్పించుకునే పోతాయి. లోపలి గాలి ఒత్తిడి పడిపోతే పైలట్ వెంటనే 10,000 అడుగులకు, అంటే సుమారు 3,000 మీటర్లకు దిగాలి. టిబెట్‌లో నేలే సగటున 4,500 మీటర్ల ఎత్తున ఉంది. ఇక ఎక్కడికి దిగుతాడు?

కొండల తర్వాత రాజకీయాలు. 2022 మార్చి నుంచి అమెరికా విమాన సంస్థలకు రష్యా ఆకాశం మూసుకుపోయింది, మన దారంలో పెద్ద ముక్క ఆ ఆకాశం కిందే ఉంది. 2025 ఏప్రిల్ చివర్లో పాకిస్థాన్ తన గగనతలాన్ని మన దేశపు విమానాలకు మూసినప్పుడు ఉత్తర భారతం నుంచి పడమటికి పోయే సర్వీసులకు గంటలు పెరిగాయి. అందుకని దారం లెక్కను కనీసం అనుకోండి. మీ సర్వీసు నంబరు వెతికి, గత వారం రోజులు అది నిజంగా ఎన్ని గంటలకు దిగిందో ఫ్లైట్ ట్రాకర్ యాప్‌లో ఒకసారి చూడండి. రోజులు గడిచేకొద్దీ సర్వీసులు ఆగిపోతుంటాయి, కొత్తవి వస్తుంటాయి. ఆగకుండా పోయే విమానం మీరు వెళ్లే నెలలో ఉందో లేదో కూడా అక్కడే తేలిపోతుంది.

గడియారం: అందరం బోల్తా పడేది ఇక్కడే

నేను పడిన చోటు కూడా ఇదే కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

సూత్రం ఒక్కటే. బయల్దేరే టైమూ దిగే టైమూ రెండూ ఒకే ఊరి గడియారంలో పెట్టి లెక్క వేయండి. చివర్లో ఒక్కసారి మాత్రమే అవతలి ఊరి గడియారంలోకి మార్చండి. మధ్యలో మార్చితే చిక్కు పడిపోతుంది.

మన గడియారం ఏడాది పొడవునా ఒకటే. శాన్ ఫ్రాన్సిస్కోలో మాత్రం మార్చి రెండో ఆదివారం గంట ముందుకు జరుపుతారు, నవంబరు మొదటి ఆదివారం మళ్లీ వెనక్కి జరుపుతారు. అందుకని వాళ్లు ఎండాకాలంలో మనకంటే పన్నెండున్నర గంటలు వెనక, చలికాలంలో పదమూడున్నర గంటలు వెనక. ఎండాకాలానికి సులువు ఉంది: మన టైములోంచి అరగంట తీసేసి, పగలును రాత్రి చేయండి, రాత్రిని పగలు చేయండి. ఇక్కడ సాయంత్రం 6 అయితే అక్కడ అదే రోజు తెల్లవారి ఐదున్నర. ఇక్కడ పొద్దున 9 అయితే అక్కడ ముందురోజు రాత్రి ఎనిమిదిన్నర. చలికాలమైతే ఇంకో గంట తీసేయండి.

మా అమ్మ విమానం చూడండి. శనివారం మధ్యాహ్నం 2కు 17 కలిపితే, మన గడియారంలో ఆదివారం పొద్దున 7. అది ఎండాకాలం. పన్నెండున్నర గంటలు తీసేస్తే అక్కడ శనివారం సాయంత్రం ఆరున్నర. టికెట్ మీద 2కు బయల్దేరి ఆరున్నరకు చేరినట్టు ఉంటుంది. నాలుగున్నర గంటల్లో అమెరికా! టికెట్ చూసి మా చిన్నాన్న, "అనంతపురం నుంచి తిరుపతికే ఇంతకంటే ఎక్కువ పడుతుంది కదరా" అన్నాడు.

ఇందులో మా అమ్మకు వచ్చిన చిక్కు వేరు. ఆవిడకు శనివారం ఒక్కపొద్దు. పొద్దున ఏమీ తినలేదు. విమానం ఎక్కాక ఇచ్చిన భోజనంలో అన్నం, పప్పు తిని, ఆ రోజుకు అయిపోయిందని కళ్లు మూసుకుంది. మళ్లీ ట్రే తెచ్చినప్పుడు వద్దని పంపేసింది. దిగి, అక్క ఇంటికి చేరి, స్నానం చేసి, ఆదివారం వచ్చేసింది కదా అని టిఫిన్ ముందు కూర్చుంటే, అక్క వాళ్ల వంటింట్లో క్యాలెండర్ ఇంకా శనివారమే. "ఇదేం శనివారమే, ఒడవనే ఒడవదా?" అంది. నిజమే, ఆ శనివారం ఆవిడకు ముప్పై ఆరున్నర గంటలు. ఇక్కడి 24, మీద గడియారం వెనక్కి తిప్పిన పన్నెండున్నర.

తిరిగి వచ్చేటప్పుడు దేవుడు లెక్క సరిచేశాడు. అక్కడ శుక్రవారం రాత్రి 9కి విమానం. పదిహేడున్నర గంటలు కలిపితే అక్కడి శనివారం మధ్యాహ్నం రెండున్నర, పన్నెండున్నర కలిపితే మన ఆదివారం తెల్లవారుజాము 3. ఈసారి శనివారం మొత్తం గాల్లోనే పదకొండున్నర గంటల్లో ఒడిసిపోయింది. ముప్పై ఆరున్నర, పదకొండున్నర కలిపితే 48. రెండు శనివారాలకు రావాల్సిన గంటలే వచ్చాయి, ఒక్క నిమిషం కూడా ఎటూ పోలేదు. ఈ మాట చెబితే అమ్మకు నచ్చింది.

నేను చెప్పిన 2021 నాటి మొదటి విమానం కూడా ఇలాంటిదే. జోయా అగర్వాల్, మన పాపగారి తన్మయితో సహా నలుగురు మహిళా పైలట్లు ఉత్తర ధ్రువం మీదుగా నడిపి తెచ్చిన ఆ విమానం శాన్ ఫ్రాన్సిస్కోలో జనవరి 9 రాత్రి లేచి, బెంగళూరులో 11వ తేదీ తెల్లవారుజామున దిగింది. వార్త చదివినవాళ్లు చాలామంది ప్రయాణం రెండు రోజులు అనుకున్నారు. 17 గంటలే.

మీరు చేయాల్సింది: అమెరికా వెళ్లేటప్పుడు తేదీ మారకపోవచ్చు, వచ్చేటప్పుడు రెండు తేదీలు దూకవచ్చు అని ముందే అనుకోండి. టికెట్‌లో దిగే టైము పక్కన చిన్నగా రాసే '+1', '+2' అంకెల మీద వేలు పెట్టి చూడండి. టికెట్ మీద ప్రతి టైమూ ఆయా ఊరి గడియారమే.

మధ్యలో దిగి ఎక్కే విమానమైతే

ఎక్కువమంది వెళ్లేది ఇలాగే. ఒక్కో ముక్కకు విడిగా దూరం తీసి, విడిగా గంటలు తీసి, మధ్య విరామం కలపండి. దుబాయ్ మీదుగా అయితే 2,700, తర్వాత సుమారు 13,020 కిలోమీటర్లు. గంటల్లో మూడు గంటల నలభై నిమిషాలు, దాదాపు పదహారు గంటలు. అక్కడ మూడున్నర గంటలు కూర్చుంటారనుకుంటే మొత్తం 23. నేరుగా పోయేదాని కంటే 6 గంటలు ఎక్కువ, అందులో సగానికి పైగా కుర్చీలో కూర్చున్న టైమే.

ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా పోతే మొత్తం దూరం 16,550 చిల్లర. దానికి పూర్తిగా అటువైపు ఉన్న సింగపూర్ మీదుగా పోతే 16,760. ఒకటి పడమర, ఒకటి తూర్పు, తేడా 200 కిలోమీటర్లే. శాన్ ఫ్రాన్సిస్కో మనకు భూమి అవతలి పక్కన ఉన్నట్టే కాబట్టి ఎటు తిరిగినా కొంచెం అటూ ఇటుగా అంతే. కాబట్టి ఎటునుంచి పోవాలన్నది దూరం చూసి తేల్చకండి, విరామం చూసి తేల్చండి.

పెద్దవాళ్లకు విరామం గంటన్నర ఉన్న టికెట్ చౌకగా దొరికినా కొనకండి. మూడు గంటలు నా లెక్కలో కనీసం. రెండు ముక్కలూ ఒకే బుకింగ్‌లో ఉండాలి. విడివిడిగా కొంటే మొదటిది ఆలస్యమై రెండోది పోతే ఆ నష్టం మీదే. అమెరికాలోనే మధ్యలో దిగి ఇంకో ఊరికి పోయేదైతే, మొదట దిగిన ఊళ్లోనే ఇమిగ్రేషన్ చూపించుకుని, పెట్టెలు తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్లీ అప్పజెప్పాలి. ఆ విరామం మూడున్నర గంటలు ఉంటేనే నాకు ప్రాణం కుదుటపడుతుంది. అబూ ధాబీ మీదుగా పోయేవాళ్లకు ఒక వెసులుబాటు: అమెరికా ఇమిగ్రేషన్ అక్కడే అయిపోతుంది, అమెరికాలో దిగాక నేరుగా పెట్టెల దగ్గరికి పోవచ్చు. అయితే ఆ వరస టైము అబూ ధాబీ విరామంలో కలపాలి.

గడప నుంచి గడపకు

"ఎన్ని గంటలు?" అని అమ్మానాన్నలు అడిగితే వాళ్లకు కావాల్సింది ఈ అంకె. 17 అని చెప్పి పంపితే, 20వ గంటకు వాళ్లకు ఓపిక అయిపోతుంది.

వెనక నుంచి లెక్కించండి. అంతర్జాతీయ విమానానికి మూడు గంటల ముందు దేవనహళ్లి ఎయిర్‌పోర్టులో ఉండాలి. పెద్దవాళ్లు, వీల్‌చెయిర్ ఉంటే మూడున్నర. వీల్‌చెయిర్ అక్కడికి వెళ్లాక అడిగేది కాదు, టికెట్ కొనేటప్పుడే పెట్టించండి. ఇమిగ్రేషన్ వరసలో దాని విలువ తెలుస్తుంది. విదేశాల విమానాలన్నీ 2023 సెప్టెంబరు నుంచి రెండో టెర్మినల్ నుంచే. డ్రైవరుకు ఆ మాట ముందే చెప్పండి, లేకపోతే అలవాటుగా ఒకటో టెర్మినల్ దగ్గర దించేస్తాడు.

ఊళ్లోంచి బయల్దేరేవాళ్లకు కిలోమీటర్లతో పని లేదు. మా మారతహళ్లి నుంచి 40 కిలోమీటర్లు. తెల్లవారి నాలుగింటికి గంట లోపే, సాయంత్రం ఆరింటికి రెండున్నర గంటలు. ఎలక్ట్రానిక్ సిటీ వాళ్లు ఇంకో గంట కలుపుకోండి. హెబ్బాళ ఫ్లైఓవర్ దాటేదాకా ఏ మ్యాపు చెప్పినా నమ్మను. సామాను తక్కువైతే బీఎంటీసీ వాయువజ్ర బస్సు ఎక్కండి, మెజెస్టిక్ నుంచి రాత్రీ పగలూ ఉంటాయి. నాలుగు పెట్టెలతో మాత్రం వద్దు.

అనంతపురం, హిందూపురం వాళ్లది ఈ విషయంలో అదృష్టం. ఎయిర్‌పోర్టు ఊరికి ఇవతలే, 44వ నంబరు జాతీయ రహదారి పక్కనే ఉంది. బెంగళూరు ట్రాఫిక్ మొహం చూడకుండానే విమానం ఎక్కేయొచ్చు. అనంతపురం నుంచి మూడు, మూడున్నర గంటలు, టిఫినుకు ఆగితే నాలుగు.

మా అమ్మ లెక్క ఇలా పడింది. పొద్దున ఆరున్నరకు అనంతపురం ఇంటికి తాళం. పదిన్నరకు ఎయిర్‌పోర్టు. రెండింటికి విమానం. 17 గంటల తర్వాత దిగడం. ఇమిగ్రేషన్, పెట్టెలు, కస్టమ్స్‌కు గంటన్నర. ఊరగాయలు, పొడులు ఉంటే ఉన్నాయని ఫారంలోనో నోటితోనో చెప్పేయండి. తినేది ఏదైనా చెప్పడం అక్కడి నియమం, దాచి దొరికితే గంటన్నర కాస్తా మూడవుతుంది. అక్కడి నుంచి ఫ్రీమాంట్‌లో అక్క ఇంటికి గంట. మొత్తం 27 గంటలు. నా పొరపాటు వల్ల అమ్మకు ఇంకో గంటన్నర.

ఈ 27ను దగ్గర పెట్టుకుంటే చాలా విషయాలు తేలిపోతాయి. హ్యాండ్‌బ్యాగులో 27 గంటలకు సరిపడా మాత్రలు, మీద ఇంకో రోజువి. బీపీ మాత్ర 24 గంటలకు ఒకటి వేసుకునేవాళ్లు అక్కడి పొద్దు చూసి వేసుకోవాలా, గంటలు లెక్కపెట్టి వేసుకోవాలా అని డాక్టర్ని ముందే అడగండి. ఇన్సులిన్ వాడేవాళ్లు తప్పనిసరిగా అడగాలి. విమానంలో రెండు మూడు గంటలకోసారి లేచి నడవమని చెప్పండి, ఊరికే చెబితే వినరు కాబట్టి పక్క వరసలో ఉండే బాత్రూమ్‌కు కాకుండా చివరిదానికి వెళ్లమనండి. చేరాక నిద్ర కుదరడానికి రోజుకు గంట చొప్పున అనుకోండి. అమ్మ మొదటి వారం రాత్రి రెండింటికి లేచి అక్క వంటింట్లో ఉప్మా చేసింది.

చీటీ రాయండి

ఇదంతా మీ బుర్రలో ఉంటే పని జరగదు. తెల్లకాగితం మీద పెద్ద అక్షరాలతో, తెలుగులో, రెండు వరసలుగా రాయండి. ఎడమవైపు 'మన టైము', కుడివైపు 'అక్కడి టైము'. విమానం లేచేది, దిగేది, రెండింటికీ వారం పేరు తప్పనిసరి. ఒక్క తేదీ వేస్తే చాలదు, పెద్దవాళ్లు తేదీ కంటే వారం బాగా గుర్తుపెట్టుకుంటారు. మా అమ్మ రెండోసారి ప్రయాణానికి రాసినది ఇది:

మన టైము: గురువారం మధ్యాహ్నం 2 – బయల్దేరడం. శుక్రవారం పొద్దున 7 – దిగడం.
అక్కడి టైము: గురువారం తెల్లవారి ఒకటిన్నర – బయల్దేరడం. గురువారం సాయంత్రం ఆరున్నర – దిగడం.

కింద అక్క ఫోన్ నంబరు, ఇంటి చిరునామా, ఇంగ్లీషు అక్షరాల్లో. ఒక కాపీ హ్యాండ్‌బ్యాగులో, ఒకటి తీసుకెళ్లడానికి వచ్చేవాళ్ల ఫోన్‌లో ఫొటోగా. నోటితో మాత్రం చెప్పకండి.

ఈసారి అక్క శనివారం పెట్టొద్దని ముందే చెప్పింది, గురువారం టికెట్ కొన్నాం. వెనక గాలి బాగా తగిలినట్టుంది, విమానం నలభై నిమిషాలు ముందే దిగింది. అక్క అప్పటికే వచ్చి నిలబడి ఉంది.